రాయ్ కాంపనెల్లా

అమెరికా దేశమున ప్రజలు మిక్కిలి మక్కువతో ఆడు ఆటలలో బేస్‌బాల్ ఒకటి. బంతిని విసరువానిని పిచ్చర్ అనియు, కొట్టువాని వెనుక నుండి దానిని పట్టువానిని క్యాచర్ అనియు పిలుతురు. క్రికెట్టులోని వికెట్ కీపరును ఎరిగినవారికి క్యాచర్ స్థానము సులభముగా బోధపడును. కాని ఇతనికి మరికొన్ని భారములు కలవు. ముఖమునకు ఇనుప జాలియు, రొమ్మునకు మెత్తయు, కాళ్లకు కవచములును ధరించి, గంటల తరబడి గొంతుకూర్చుండవలెను. ఎట్టి బంతిని విసరవలెనో వ్రేళ్ల సంజ్ఞలతో పిచ్చరునకు తెలుపవలెను. ప్రత్యర్థి అదను చూచి రెండవ బేసునకు పరుగెత్తినచో, తటాలున లేచి, 127 అడుగుల దూరమునకు గురి తప్పక బంతిని విసరవలెను.

ఇట్టి క్యాచర్లలో మేటి రాయ్ కాంపనెల్లా. అతడు 1921వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. తండ్రి ఇటలీ సంతతివాడు. తల్లి నల్లజాతి స్త్రీ. ఆ కాలమున మేజర్ లీగు జట్లలో నల్లజాతివారికి ప్రవేశము లేకుండెను. అందుచే వారు నీగ్రో లీగులను వేరు పోటీలలో ఆడుచుండిరి. కాంపనెల్లా 1937లో, పదునైదేండ్ల ప్రాయముననే, ఆ పోటీలలో అడుగిడెను. బాల్టిమోర్ ఎలైట్ జయింట్స్ జట్టున బిజ్ మాకీ అను ప్రసిద్ధ క్యాచర్ అతనికి గురువై మెలకువలు నేర్పెను.

1946లో బ్రూక్లిన్ డాడ్జర్స్ సంస్థ అతనిని చేర్చుకొని, నాషువా పట్టణములోని తన చిన్న జట్టునకు పంపెను. ఒకనాడు అంపైరు ఆజ్ఞచే మేనేజరు మైదానము వీడవలసి రాగా, జట్టును నడుపు భారము కాంపనెల్లాపై పడెను. ఆనాటి ఆటలో అతని జట్టే గెలిచెను. 1947లో జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ జట్టున చేరి, మేజర్ లీగు ద్వారములను నల్లజాతివారికి తెరచెను. మరుసటి యేడు కాంపనెల్లాయు ఆ జట్టున ప్రవేశించెను.

1951లో అతడు నేషనల్ లీగు అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. 1953లో 41 హోమ్ రన్లు కొట్టి ఆ గౌరవమును మరల పొందెను. మరుసటి యేడు చేతి గాయము వలన అతని ఆట మిగుల క్షీణించెను. అయినను అతడు నిరుత్సాహపడక, 1955లో మూడవ పర్యాయము ఆ బహుమానమును గెలుచుకొనెను. అంతకు పూర్వము ఐదు మారులు వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడిన డాడ్జర్స్, ఆ యేటనే వారిని జయించిరి.

1958 జనవరి 28వ తేదీన, మంచు కప్పిన బాటపై కాంపనెల్లా నడుపుచున్న కారు జారి, స్తంభమును ఢీకొని తలక్రిందులయ్యెను. మెడ యెముక విరిగి, భుజముల దిగువ శరీరము చచ్చుపడెను. 1,215 ఆటలు ఆడి, 242 హోమ్ రన్లు కొట్టిన క్రీడాజీవితము అంతటితో ముగిసెను. 1959 మే 7వ తేదీన లాస్ ఏంజిలిస్‌లో అతని గౌరవార్థము జరిగిన ఆటకు 93,103 మంది వచ్చిరి. చక్రాల కుర్చీలో అతనిని మైదానమునకు తెచ్చినప్పుడు దీపములను ఆర్పివేయగా, ప్రేక్షకులు అగ్గిపుల్లలు వెలిగించి అతనిని అభినందించిరి.

పిమ్మట అతడు చక్రాల కుర్చీనుండియే డాడ్జర్స్ జట్టులోని యువ క్యాచర్లకు శిక్షణ నిచ్చెను. 1969లో బేస్‌బాల్ కీర్తి మందిరమున అతనికి స్థానము లభించెను. 1993 జూన్ 26న అతడు మరణించెను. బంతిని పట్టజాలని స్థితిలోనున్నను, పట్టు నేర్పును ఇతరులకు బోధించుటకు తన కన్నులు, మాట, అనుభవము చాలునని అతడు నిరూపించెను.