పిప్పి లేని పన్ను ఎందుకు కదులుతుంది?



"పిప్పి ల్యాదు, పుచ్చు ల్యాదు, అయినా బిడ్డ పండ్లు ఊడిపోతాండాయి డాక్టరమ్మా" అంటూ నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని ఒక తల్లి వస్తే, నోరు చూసిన వెంటనే మేము ఆ పిల్ల అరచేతులు, అరికాళ్లు చూస్తాము. పంటి కోసం వస్తే కాళ్లు చూడడమేమిటని వెంట వచ్చిన అవ్వకు అనుమానం. ఆ తరువాత అడిగే మాట ఇంకా ఇబ్బందిగా ఉంటుంది: "మీది మేనరికమా అమ్మా?" ఈ రెండూ ఎందుకో ఈసారి వివరంగా చెప్పాలనుకున్నాము.

పన్ను దవడ ఎముకలో మేకులా దిగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సుమారు పావు మిల్లీమీటరు సందు ఉంటుంది. ఆ సందులో వేలాది సన్నని పోగులు ఒక కొసన వేరును, మరో కొసన ఎముకను పట్టుకుని ఉంటాయి. ఊయల తాళ్ల మీద వేలాడినట్లు పన్ను ఆ పోగుల మీద వేలాడుతోంది. గట్టి జొన్నరొట్టె నమిలినప్పుడు దెబ్బ ఎముకకు నేరుగా తగలకుండా కాపాడేది ఇవే.

ఈ పోగులు కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో తయారైనవి. చర్మం, ఎముక, రక్తనాళాల గోడలు, అన్నింటిలోనూ ఇదే ఉంటుంది. దీని నిర్మాణాన్ని తేల్చడంలో మన మద్రాసుకు పెద్ద పాత్ర ఉంది. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే శాస్త్రవేత్తలు కొల్లాజెన్ మూడు పేటలుగా పురిపడి ఉంటుందని చెప్పారు. వారి పరీక్షకు పనికివచ్చింది తోళ్ల పరిశోధన సంస్థలో దొరికిన కంగారూ తోక నరమట! ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య పెరిగినవారికి పేట అన్నా, పురి అన్నా మేము వివరించనక్కరలేదు. పురి సరిగా పడకపోతే దారం ఎలా తెగుతుందో వారికి మాకంటే బాగా తెలుసు.

పంటి చుట్టూ ఉన్న ఈ పోగులు చర్మంలోని వాటికంటే చాలా వేగంగా అరిగి, మళ్లీ కొత్తగా తయారవుతుంటాయి. కొల్లాజెన్ పురి గట్టిపడాలంటే విటమిన్ సి కావాలి. అందుకే పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగిన నావికులకు పండ్లు కదిలేవి. ఉసిరి, జామ, నిమ్మ, మునగాకు తింటే ఆ లోపం తీరుతుంది. అయితే కొన్ని కుటుంబాలలో లోపం తిండిలో ఉండదు, పుట్టుకలోనే ఉంటుంది.

అరచేతులు చూడడం ఇందుకే. 1924లో పాపియాన్, లెఫెవ్ర్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఒక అన్నాచెల్లెళ్లను గురించి రాశారు. ఇద్దరికీ అరచేతులు, అరికాళ్లు మందంగా, ఎర్రగా పగిలి ఉండేవి. ఇద్దరికీ పండ్లు ఊడిపోయాయి. వారి తల్లిదండ్రులు దగ్గరి బంధువులు. ఆ జబ్బుకు ఆ వైద్యుల పేర్లే స్థిరపడ్డాయి. పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురికి మాత్రమే వస్తుందని అంటారు. కానీ ఆ ఒక్కరు మన ఇంటి బిడ్డ అయితే ఈ లెక్క ఏం ఓదార్పు?

ఈ జబ్బులో పాలపండ్లు మామూలుగానే వస్తాయి. ఆపైన చిగుళ్లు ఎర్రగా వాచి, రక్తం కారి, నోరు వాసన వేస్తుంది. నాలుగైదేళ్లకే పండ్లు రాలిపోతాయి. రాలిపోయాక చిగుళ్లు చల్లబడతాయి, తల్లి "తగ్గిపోయింది" అనుకుంటుంది. ఆరేళ్లకు శాశ్వత దంతాలు రాగానే కథ మళ్లీ మొదలవుతుంది. వైద్యం లేకపోతే పదిహేనేళ్ల ప్రాయానికి నోరు బోసిపోతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ పిల్లల్లో కొల్లాజెన్ దారం మంచిదే. లోపమంతా కాపలాలో ఉంది. సూక్ష్మక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలకు కెథెప్సిన్ సి అనే ఎంజైమ్ అవసరం. దాన్ని తయారుచేసే జన్యువు చెడినందువల్లే ఈ జబ్బు వస్తుందని 1999లో కనుగొన్నారు. కాపలా సరిగా లేని చోట వాపు ఆగదు, ఆ వాపే పోగులను, ఎముకను కరిగించేస్తుంది.

దారమే నాసిరకమైన జబ్బులూ ఉన్నాయి. ఎహ్లర్స్-డాన్లోస్ అనే కుటుంబ వ్యాధుల్లో చిన్న దెబ్బకే కమిలిపోవడం, చర్మం పలచబడడం, కొన్ని రకాల్లో చిన్న వయసులోనే చిగుళ్లు జారిపోవడం కనబడతాయి. ఇంకొక జబ్బులో (హైపోఫాస్ఫటేసియా) పోగు ముడిపడే చోటు, అంటే వేరు మీది పలుచని పూత, సరిగా ఏర్పడదు. అందులో పాలపన్ను పెద్ద వాపు లేకుండానే వేరుతో సహా ఊడి చేతికి వస్తుంది. కాబట్టి ఐదేళ్లు నిండకముందే ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసరకండి. కాగితంలో చుట్టి మాకు తెచ్చి చూపండి.

ఇక మేనరికం మాట. పాపియాన్-లెఫెవ్ర్ జబ్బు బిడ్డకు రావాలంటే చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఒక్కటే ఉన్నవారికి ఏ బాధా ఉండదు, ఉన్నట్టే తెలియదు. తాత ఒకరే అయినప్పుడు ఆయన దగ్గరున్న ఆ ఒక్క జన్యువు రెండు వైపుల నుంచీ దిగివచ్చే అవకాశం పెరుగుతుంది. అక్క కూతురిని చేసుకున్నప్పుడు మరీ ఎక్కువ. మేనరికపు పిల్లలు అధికశాతం ఆరోగ్యంగానే పుడతారు, బంధుత్వం లేని దంపతులకూ ఈ జబ్బు పిల్లలు పుట్టవచ్చు. అయినా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఆస్తి బయటికి పోదనో, పిల్ల కళ్లముందుంటుందనో కుదిర్చే సంబంధాల వద్ద ఈ మాట కూడా ఒకసారి తలచుకోవాలని మా అభిప్రాయం. సంఘ పెద్దలు పెళ్లి మాటల్లో దీన్ని ప్రస్తావిస్తే తప్పేమీ లేదు.

ఒక బిడ్డకు వచ్చిందంటే, తరువాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. "ఒకరికి వచ్చింది కదా, మిగతా ముగ్గురికీ రాదు" అనే లెక్క చెల్లదు. కోడలి గర్భంలోనే దోషమని నిందించే అత్తలకు ఒక మాట: మీ కొడుకు వాటా సరిగ్గా సగం.

చిన్నప్పుడే తెలిస్తే చేయగలిగినది ఉంది. తరచుగా పంటి గార తీయించడం, వైద్యులు రాసిచ్చిన యాంటీబయాటిక్ పూర్తిగా వాడడం, చెడిన పాలపండ్లను శాశ్వత దంతాలు రాకముందే తీయించడం, ఇవి కలిస్తే కొందరికి శాశ్వత దంతాలు నిలిచాయి. నిలవకపోతే పిల్లలకూ కట్టుడు పండ్లు అమర్చవచ్చు. ఈ పిల్లల్లో కొందరికి కాలేయంలో చీము గడ్డలు వస్తాయి, కాబట్టి తగ్గని జ్వరాన్ని తేలికగా తీసుకోకండి. చర్మానికి చర్మవైద్యులు ఉన్నారు. జన్యు సలహాకు హైదరాబాద్ నిమ్స్‌లో ప్రత్యేక విభాగం ఉంది.

పెద్ద బిడ్డ పండ్లు పోయాక వచ్చేవారే ఎక్కువ. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న చంటిబిడ్డను కూడా తీసుకురండి. కాపాడగలిగే పండ్లు వాడివే. మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాలు బయలుదేరే ముందు ఒకసారి వచ్చి పంటి గార తీయించుకుని, చీటీ, ఎక్స్‌రే వెంట తీసుకుపోండి. అక్కడి దంతవైద్యుడికి వాటిని చూపితే మళ్లీ మొదటినుంచి చెప్పుకునే పని ఉండదు.