లెక్క నలుగురికీ తెలియాలి - గుట్టు నలుగురిలో పడకూడదు
సచివాలయ సిబ్బంది చేతిలో ఊరి వివరాలు

పింఛను కావాలంటే ఆధార్ కార్డు ఇవ్వాలి. ఇల్లు కావాలంటే కులం, ఆదాయం, బ్యాంకు పాసు పుస్తకం చూపాలి. దివ్యాంగుల పింఛనుకు సదరం సర్టిఫికెట్, జబ్బు మనిషి పింఛనుకు ఆసుపత్రి కాగితం కావాలి. ఇలా ఇంటింటి గుట్టూ గ్రామ సచివాలయం బీరువాలోకి, కంప్యూటర్లోకి, చివరకు ఉద్యోగి సెల్ ఫోన్లోకి చేరింది. ఆ గుట్టు సిబ్బంది వల్లనే బయటపడితే అడిగే నాథుడెవరు?

ఈ ప్రశ్నకు సమాధానం వెతికే ముందు ఒక తేడా గుర్తించాలి. ఊరికి తెలియవలసింది వేరు, తెలియకూడనిది వేరు.

బండ్లపల్లి నేర్పిన పాఠం

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. అదే ఏడాది రాష్ట్రంలో సామాజిక తనిఖీలు కూడా మొదలైనాయి. మస్టరులో ఎవరి పేరుంది, ఎన్ని రోజులు పని చేసినట్లు రాశారు, ఎంత కూలి ఇచ్చారు అన్నది గ్రామసభలో గట్టిగా చదివి వినిపించారు. పనికి రాని వారి పేర్లు, దొంగ మస్టర్లు బయటపడింది ఈ పద్ధతి వల్లనే.

అయితే దొంగ మస్టరు పట్టుకోవడానికి పేరు, పని దినాలు, కూలి తెలిస్తే చాలు. ఖాతా నంబరు, ఆధార్ నంబరు ఊరందరికీ చదవనక్కర లేదు. పింఛను జాబితాకైనా ఇదే వర్తిస్తుంది.

దొంగలు కాదు, కార్యాలయాలే

ఈ తేడా మరచిన ఫలితం 2017లో కనిపించింది. ఆ ఏడాది మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. నాలుగు ప్రభుత్వ వెబ్ సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని అందులో అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ వి. ఒకటి ఉపాధి కూలీల చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది. తాళం పగులగొట్టి ఎవరూ లోపలికి పోలేదు. కార్యాలయాలే తలుపు తీసి పెట్టాయి. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించరాదని 2016 నాటి చట్టం చెబుతూనే ఉంది.

వేలిముద్ర సంగతి ఇంకా ప్రమాదం. 2018లో తెలంగాణలో ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్ సైట్లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు తయారు చేసి, వాటితో సిమ్ కార్డులు నడిపిస్తూ పట్టుబడ్డాడు. తాళం చెవి పోతే తాళం మార్చవచ్చు. బొటనవేలు మార్చలేము.

జబ్బు పేరు బయటపడితే

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. జబ్బు పేరు ఊళ్లో పడితే బతుకే కష్టం. హెచ్.ఐ.వి. ఉండి మందులు వాడే వారికి రాష్ట్రంలో పింఛను ఉంది. 'పింఛను రకం' అన్న గడితో సహా జాబితాను ఎవరైనా వాట్సాప్ గ్రూపులో పెడితే ఇక దాచడానికేముంటుంది? పిల్లల పెళ్లి సంబంధాల దగ్గర నుంచి నీళ్ల బిందె వరకూ దాని ప్రభావం పడుతుంది. నమ్మి చెప్పిన హెచ్.ఐ.వి. సమాచారాన్ని ఆ మనిషి సమ్మతి లేకుండా వెల్లడించరాదని 2017 నాటి చట్టం శాసిస్తోంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీం కోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది.

తప్పు చేసిన ఉద్యోగిపై చర్య

అనుమతి లేకుండా కార్యాలయ సమాచారం బయటికి ఇవ్వడం 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం తప్పు. అభియోగ పత్రం ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, విచారణ జరిపి శిక్ష వేస్తారు. మందలింపు, ఇంక్రిమెంటు నిలుపుదల మొదలు ఉద్యోగం నుంచి తొలగింపు వరకు 1991 నాటి నియమాలలో శిక్షలున్నాయి. ఆధార్ వివరాలను తెలిసి తెలిసి అక్రమంగా వెల్లడిస్తే మూడేళ్ల వరకు జైలు. 2019 సవరణ తర్వాత నష్టపోయిన మనిషే ఈ నేరంపై కోర్టుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇందులో లోటు ఒకటుంది. ఉద్యోగ నియమాల విచారణ అంతా కార్యాలయానికీ ఉద్యోగికీ మధ్య నడిచేది. గుట్టు పోగొట్టుకున్న మనిషికి "మీ వివరాలు బయటపడ్డాయి" అని చెప్పే బాధ్యత ఆ నియమాల్లో ఎవరికీ పెట్టలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ బాధ్యతను సమాచారం దగ్గరుంచుకున్న సంస్థలపై పెట్టింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన విధుల అమలుకు మాత్రం 18 నెలల గడువిచ్చారు.

అదే చట్టం సమాచార హక్కు చట్టాన్ని కూడా సవరించింది. 'వ్యక్తిగత సమాచారం' అన్న సాకుతో మస్టరు, బిల్లు చూపించమని చెప్పే వీలు పెరిగిందని హక్కుల కార్యకర్తలు ఆందోళన చెందుతున్నారు. గుట్టు కాపాడమంటే లెక్క దాచమని కాదు.

ఏం చేయాలి?

వివరాలు బయటపడినట్లు తెలిస్తే నోటి మాటతో సరిపెట్టుకోరాదు. ఏ కాగితం, ఏ తేదీన, ఎక్కడ కనిపించిందో రాసి, ఫోటో ఉంటే జతపరచి ఎం.పి.డి.ఓ.కు ఇవ్వాలి. కలెక్టరేట్లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం కూడా ఉంది. వివరాలకు ఆధార్ సంస్థ నంబరు 1947. పింఛనుకు వేలిముద్ర వేసేవారు ఆ రోజుకు తాళం తీయించుకోవడం మరువరాదు.

సిబ్బంది చేయవలసినదీ పెద్ద పనేమీ కాదు. జాబితా గోడకు అంటించే ముందు నంబర్ల గడి, జబ్బు గడి కొట్టివేయాలి. సొంత ఫోన్లో తీసిన కార్డు ఫోటోలను పని కాగానే తుడిచివేయాలి. అవ్వ సచివాలయానికి ఇచ్చింది పింఛను కోసం కాగితమే కాని, ఊరంతా చదువుకోవడానికి కాదు.