వేలం ప్రకటన పడకముందే బేరం: అప్పుల్లో ఉన్న ఇంటిని కొనడంలో మెలిక

ఇంటి రుణం వాయిదా 90 రోజులకు మించి కట్టకపోతే బ్యాంకు ఆ ఖాతాను మొండి బకాయిగా లెక్కిస్తుంది. అక్కడి నుంచి ఆ ఇంటి మీద మధ్యవర్తుల కన్ను పడుతుంది. వేలం దాకా ఆగకుండా నేరుగా యజమానితోనే బేరం కుదుర్చుకుంటే చౌకగా వస్తుందన్నది పెట్టుబడిదారుల లెక్క. అమెరికాలో దీన్ని ‘ప్రీ ఫోర్‌క్లోజర్’ కొనుగోలు అంటారు. మన బ్యాంకుల్లో మాత్రం ఫోర్‌క్లోజర్ అంటే రుణాన్ని గడువుకు ముందే తీర్చేయడం. ఆ మాట పట్టుకుని బ్రాంచికి వెళితే వాళ్లకు అర్థమయ్యేది వేరు. ఇక్కడ నడిచేది 2002 నాటి సర్ఫేసీ చట్టం.

కోర్టు మెట్లెక్కకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం ఈ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. మొదట సెక్షన్ 13(2) కింద నోటీసు వస్తుంది. బకాయి తీర్చడానికి 60 రోజుల గడువు ఉంటుంది. చాలామంది కొనుగోలుదారులు చదవని వాక్యం సెక్షన్ 13(13)లో ఉంది: ఈ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా యజమాని ఆ ఇంటిని అమ్మకూడదు, లీజుకు ఇవ్వకూడదు. అంటే బేరం ఇద్దరి మధ్య అనిపించినా, మూడో కుర్చీలో బ్యాంకు ఉండి తీరాలి.

రెండో మెలిక గడువుది. ఒకప్పుడు అమ్మకం పూర్తయ్యేదాకా బకాయి చెల్లించి ఆస్తిని విడిపించుకునే వీలుండేది. 2016 సవరణ తరువాత వేలం ప్రకటన వెలువడటంతోనే ఆ హక్కు ముగుస్తోంది. 2023 సెప్టెంబరులో సెలిర్ వర్సెస్ బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖరారు చేసింది. నవీ ముంబయిలోని ఒక స్థలాన్ని వేలంలో 105.05 కోట్ల రూపాయలకు ఒక సంస్థ దక్కించుకుంది. రుణగ్రహీత 129 కోట్లు ఇస్తానంటే బ్యాంకు సరేనంది, హైకోర్టూ ఒప్పుకుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఈలోగా రుణగ్రహీత ఆ స్థలాన్ని మరో సంస్థకు బదలాయించాడు. ఆ బదలాయింపు కూడా చెల్లదని 2024 డిసెంబరులో అదే కోర్టు తేల్చింది. బ్యాంకు చేతికి ఎక్కువ డబ్బు వచ్చినా, గడువు దాటాక కొన్నవాడికి హక్కు నిలవలేదు.

ఇంటి యజమాని వైపు నుంచి చూస్తే ఈ గడువు విలువ ఇంకా ఎక్కువ. ఊహకు ఒక లెక్క వేద్దాం: ఇంటి విలువ 80 లక్షలు, బకాయి 45 లక్షలు. వేలంలో 60 లక్షలకు పోతే, బకాయి, ఖర్చులు పోగా మిగిలేది 15 లక్షల లోపు. చట్టం ప్రకారం అది యజమానికే చెందుతుంది. ప్రకటనకు ముందు 72 లక్షలకు అమ్ముకోగలిగితే చేతికి 27 లక్షలు వస్తాయి. కొన్నవాడికీ 8 లక్షలు కలిసొస్తాయి. న్యాయమైన బేరమంటే ఇదే. కానీ యజమాని భయాన్ని ఆసరా చేసుకుని 50 లక్షలకు లాగేసే బేరాలే మధ్యవర్తులకు ఇష్టం.

పద్ధతి ప్రకారం వెళితే ముందు బ్యాంకు నుంచి బకాయి మొత్తంపై లేఖ, అమ్మకానికి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం ఉండాలి. డబ్బులో బకాయి మేరకు యజమాని చేతికి ఇవ్వకుండా నేరుగా రుణ ఖాతాలోకే జమ చేయాలి. తాకట్టు విడుదల పత్రం రిజిస్టరై, ఈసీలో కనిపించి, అసలు దస్తావేజులు చేతికి రావాలి. పన్ను బకాయిలు, అపార్ట్‌మెంటు నిర్వహణ బకాయిలు, సివిల్ కోర్టు జప్తులు విడిగా చూసుకోవాల్సిందే.

తెలుగు రాష్ట్రాల్లో తరచూ జరిగేది మరొకటి. కొంత అడ్వాన్సు చేతిలో పెట్టి, యజమానితో అమ్మకపు ఒప్పందంతో పాటు జీపీఏ రాయించుకుంటారు. ఆ కాగితాలతో ఎక్కువకు కొనేవాడిని వెతుకుతారు. దొరికితే లాభం, దొరకకపోతే అడ్వాన్సు వదులుకుంటారు. నెలలు గడిచాక వేలం ప్రకటన పేపర్లో పడుతుంది. అప్పటికి యజమానికి మరో దారి ఉండదు. బ్యాంకు సమ్మతి లేని ఆ జీపీఏ బ్యాంకును కట్టిపడేయదు కూడా.

ఇంత తలనొప్పి ఎందుకు, వేలంలోనే కొంటే పోదా అనేవారూ ఉన్నారు. అక్కడ పాడుకున్న రోజే, లేదంటే మరుసటి పనిదినానికల్లా 25 శాతం కట్టాలి. మిగతాది 15 రోజుల్లో చెల్లించాలి. గడువు పెంచినా మొత్తం మూడు నెలలు మించదు. కట్టలేకపోతే ఆ 25 శాతం జప్తు. అది సబబేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తిని ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతారు. బ్యాంకు స్వాధీనం చాలాసార్లు కాగితం మీదే ఉంటుంది, ఇంట్లో మాత్రం కుటుంబం ఉంటుంది. వారిని ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లాలి. యజమాని 45 రోజుల్లోగా హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉన్న రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. యజమానితో ముందే కుదిరిన బేరంలో తాళాలు ఇచ్చేది ఆయనే కాబట్టి, ఖాళీ చేసే తేదీనీ అదే ఒప్పందంలో రాసుకోవచ్చు.