స్కోప్ బిగించగానే గురి కుదరదు: ఎలమంచిలిలో ఎయిర్ రైఫిల్ జీరోయింగ్

3-9x40 అని బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ కెమెరా స్పెక్స్ చదివే మనకి అదేం కష్టం కాదు: 3 నుంచి 9 రెట్ల జూమ్, ముందు లెన్స్ 40 మిల్లీమీటర్లు. కానీ అసలు పనికొచ్చే అంకె టరెట్ నాబ్ మీద చిన్నగా ఉంటుంది: 1/4 ఎంఓఏ.

ఎలమంచిలిలో మా బాబాయి కొడుకు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తున్నాడు. మూడు వారాల్లో పోటీ, షాట్లేమో చెదిరిపోతున్నాయి. "అన్నా, రైఫిల్ మార్చేద్దామా?" అన్నాడు. మంచి రైఫిల్ అంటే లక్షల్లో మాట. బాబాయి చీటీ పాడేయడానికి సిద్ధమైపోయాడు కూడా. తేడా రైఫిల్‌లో ఉందా, పెల్లెట్‌లోనా, మనిషిలోనా? బగ్ వెతికినట్టే ఒక్కోటీ విడదీసి చూడాలి. స్కోప్ అందుకే, పోటీకి కాదు. 10 మీటర్ల ఈవెంట్‌లో టెలిస్కోప్ నిషేధం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది కూడా జూమ్ లేని పీప్ సైట్‌తోనే. అక్కడ టార్గెట్ మధ్య చుక్క సగం మిల్లీమీటరే!

మనిషిని లెక్కలోంచి తీసేయాలంటే రైఫిల్‌ని బల్ల మీద ఆనించాలి. వేలు పోసి రెస్ట్ కొనక్కర్లేదు, పాత జీన్స్ కాలులో ఇసుక నింపి కుట్టించండి. టార్గెట్ వెనక పెల్లెట్ ట్రాప్ మాత్రం తప్పనిసరి. వీడిది గాజువాకలో వెల్డింగ్ చేయించిన ఉక్కు పెట్టె, లోపలి ప్లేటు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పెల్లెట్ కిందికి జారి పడుతుంది.

ఒక్క షాట్ చూసి నాబ్ తిప్పేయకండి. ఐదు కొట్టి, ఆ గుంపు మధ్య నుంచి కొలవండి. మాకు గుంపు 22 మిల్లీమీటర్లు కిందికి, 14 ఎడమకి పడింది. ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు. 100 మీటర్లకి దాదాపు 29 మిల్లీమీటర్లు, 10 మీటర్లకి 2.9. అందులో పావు వంతు, అంటే ఒక్క క్లిక్‌కి 0.73. పైకి 30 క్లిక్కులు, కుడికి 19. తర్వాతి ఐదూ మధ్యకి వచ్చాయి, కానీ 13 మిల్లీమీటర్ల మేర చెదిరే ఉన్నాయి.

ఇక్కడ అనుమానం పారలాక్స్ మీదికి పోయింది. మామూలు రైఫిల్ స్కోపులు చాలావరకు 100 గజాలకి సెట్ అయి వస్తాయి. 10 మీటర్లకి బొమ్మ మసక, పైగా కన్ను కాస్త పక్కకి జరిగితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జారిపోతుంది. జూమ్ 4కి తగ్గించి, చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనించమన్నాను. 10కి వచ్చింది. కొనేవాళ్లకి నా సలహా: 9ఎక్స్, 12ఎక్స్ చూసి మురిసిపోవద్దు, 10 గజాల దాకా ఫోకస్ దిగే అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్ ఉందో లేదో చూడండి. స్ప్రింగ్ రైఫిల్ అయితే ఎయిర్‌గన్ రేటెడ్ స్కోపే తీసుకోండి. దాని కుదుపు రెండు వైపులా ఉంటుంది, మామూలు స్కోపులు పాడైపోతాయి. వీడిది పీసీపీ కాబట్టి ఆ బెంగ లేదు.

చివరికి పెల్లెట్ డబ్బా మార్చాం. గుండ్రటి తలవి తీసేసి చదును తలవి పెట్టాం. ఐదు షాట్లూ 6 మిల్లీమీటర్లలో! గుంపు కాస్త పైకి జరిగింది, మూడు క్లిక్కులు కిందికి దించాం. రైఫిల్ సుబ్బరంగా ఉంది.

బాబాయి చీటీ ఊసు ఎత్తడం మానేశాడు. వాడు అదే రకం పెల్లెట్లు నాలుగు డబ్బాలు తెప్పించుకుని, స్కోప్ విప్పేసి పీప్ సైట్ బిగించాడు. దాన్ని మళ్లీ మొదటి నుంచి జీరో చేయాలి, కానీ ఇప్పుడు చెదిరితే రైఫిల్‌ని తిట్టడానికి లేదు.