ఖడ్గమృగం కొమ్ముకు అంత వెల ఎందుకు? వేటను ఎలా అడ్డుకున్నారు?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాటి విజయవాడ దారి పడితే, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. ఒకప్పుడు అది నిజాం ప్రభువుల వేటస్థలం. ఇప్పుడు కృష్ణజింకల ఇల్లు. వాటి కొమ్ముకూ ఖడ్గమృగం కొమ్ముకూ తేడా ఏమిటో ముందు చూద్దాం.

కొమ్ములో ఏముంది?
కృష్ణజింక కొమ్ము లోపల ఎముక, పైన కెరటిన్ తొడుగు ఉంటాయి. ఖడ్గమృగం కొమ్ములో ఎముకే ఉండదు. అంతా కెరటినే! మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉండేదీ అదే.

మరి ఖడ్గమృగాలను ఎందుకు చంపారు?
చైనా సంప్రదాయ వైద్యులు ఖడ్గమృగం కొమ్మును జ్వరానికి మందుగా వాడారు. యెమెన్‌లో బాకులకు పిడులు చేశారు. ఆ కొమ్ముతో చేసిన గిన్నె విషాన్ని పట్టిస్తుందనీ కొందరు నమ్మారు. గోరు కొరికితే జ్వరం తగ్గుతుందా? కానీ నమ్మకం వెల పెంచింది, వెల వేటను పెంచింది.

ఎలా అడ్డుకున్నారు?
అస్సాంలో ఖడ్గమృగాలు తరిగిపోతుండటంతో 1908లో కాజిరంగాను రిజర్వు అడవిగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఖడ్గమృగానికీ కృష్ణజింకకూ రక్షణ ఇచ్చింది. 1977 నాటికి, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం అన్ని జాతుల ఖడ్గమృగాల కొమ్ముల అంతర్జాతీయ వ్యాపారానికి అడ్డుకట్ట వేసింది. 2021లో అస్సాం ప్రభుత్వం 2,479 కొమ్ములను కాల్చేసి, వాటికి మందు గుణం లేదని చాటింది.

మన వనస్థలికి 1975లో జైన తీర్థంకరుడు మహావీరుడి పేరు పెట్టారు. అహింసను బోధించిన ఆయన 2500వ నిర్వాణ సంవత్సరం అది. వేటస్థలానికి ఇంతకంటే మంచి పేరు ఏముంటుంది? ఈసారి అక్కడికి వెళ్తే, మెలికల కొమ్ముల మగజింకను దూరం నుంచే చూడండి. కొమ్ము అందం దాని తల మీదే!