బూజు వేరుశనగ: బేరమునకును, ఆరోగ్యమునకును చేటు

ఆదోని యార్డుకు వేరుశనగ తోలినప్పుడు వర్తకులు కాయను చెవి వద్ద ఆడించి, గుప్పెడు వలిచి చూతురు. గింజ గలగలలాడినచో ఆరినదని గుర్తు. బూజు గింజ కనబడినచో ధర తగ్గింతురు. ఇది వట్టి బేరపు ఎత్తు అనుకొనవద్దు. పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు ‘అఫ్లాటాక్సిన్’ అను విషమును పుట్టించును. అది కాలేయమును చెరచును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినది ఇట్టి వేరుశనగ పిండి మేసియే. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో బూజు మొక్కజొన్న తిని సుమారు నూరుమంది మరణించిరి. వండినను, వేయించినను ఈ విషము పూర్తిగా పోదు.

పెరికిన కాయను తేమ 8 శాతమునకు దిగువరకు ఎండబెట్టవలెను. ఏరిన గింజను పారవేయుటకు మనసొప్పదు, నిజమే. కాని పశువుకు వేసినచో విషము పాలలోనికి దిగును. గానుగకు తోలినను చెక్కలో మిగులును. గోతిలో పూడ్చివేయవలెను.