గాలిని మోసే పల్లికాయలు

"సార్, రూట్స్ అంటే వేర్లా?"

పాలిటెక్నిక్ ఆఖరి ఏడాది పిల్లల్ని హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద అపార్టుమెంటు ఎస్టీపీకి, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటుకి, తీసుకెళ్తే, బ్లోయరు గది గుమ్మంలోనే ఎదురైన ప్రశ్న ఇది. వేర్లు కాదు, ఇద్దరు అన్నదమ్ముల ఇంటిపేరని చెబుతున్నాను. ఇంతలో ఇంకో అమ్మాయి డెలివరీ పైపుకి వేలు ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది. "రూట్స్ బ్లోయరు గాలిని లోపల నొక్కదని క్లాసులో చెప్పారు కదా సార్. మరి ఇంత వేడి ఎక్కణ్నుంచి వచ్చింది?" అంది. ఏళ్లుగా ఈ యంత్రాన్ని బోర్డు మీద గీస్తున్నాను, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. మురుగునీటి ప్లాంటుకి ఏ బ్లోయరు కొంటే కరెంటు మిగులుతుందన్న లెక్క అంతా ఆ వేడిలోనే ఉంది.

అదృష్టం కొద్దీ ఆ రోజు స్టాండ్‌బై బ్లోయరు విప్పి ఉంది. కోలగా ఉన్న పోత ఇనుప కేసింగు, లోపల పక్కపక్కనే రెండు రోటర్లు. కొసవైపు నుంచి చూస్తే ఒక్కోటీ అచ్చం రెండు గింజల పల్లికాయ: నడుము సన్నం, రెండు చివర్లా ఉబ్బు. ఒకదాని ఉబ్బు రెండోదాని నడుములోకి ఒదుగుతూ తిరుగుతుంది కానీ తాకదు. బయట టైమింగ్ గేర్లు రెండూ కట్టడి చేస్తుంటాయి కాబట్టి మధ్యలో కాగితం మందం సందు ఎప్పుడూ మిగిలే ఉంటుంది. రాపిడి లేదు, అందుకే లోపల నూనె అక్కర్లేదు. ఆపరేటర్ అన్న చేత్తో ఒక రోటరు తిప్పితే రెండోది ఎదురు దిక్కుకి మెత్తగా తిరిగింది. పిల్లలు వంతులేసుకుని తిప్పారు.

చెరకు రసం మిషన్ చూసిన కళ్లతో చూస్తే గాలి రెండు రోటర్ల మధ్యలోంచి పోతుందనిపిస్తుంది. అలా పోదు. ఆ కాగితం మందం సందు తప్ప మధ్య దారి ఎప్పుడూ మూసే ఉంటుంది. గాలి అంచుల వెంట, ఉబ్బుకీ కేసింగు గోడకీ మధ్య ఏర్పడే జేబులో చిక్కుకుని, చుట్టూ తిరిగి అవతలి వైపు చేరుతుంది.

దీన్ని కనిపెట్టిన ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్‌లకి గాలి ఆలోచనే లేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్ అనే ఊళ్లో వాళ్లది ఉన్ని మిల్లు. 1850ల్లో మిల్లు నడపడానికి పాత నీటి చక్రం కన్నా మెరుగైనది కావాలని చెక్కతో ఈ జంట రోటర్లు చేశారు. నీళ్లు తగిలేసరికి చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. బాగుచేసి, నీళ్లు లేకుండా తిప్పి చూస్తుంటే అవతలి వైపు నుంచి గాలి కొట్టింది. చూస్తున్నవాళ్లలో ఒకరి టోపీ ఎగిరిపోయిందని కథ చెప్పుకుంటారు. 1860లో పేటెంటు వచ్చింది. ఇనుము కరిగించే పోతపని కొలిముల్లో పాత తిత్తుల చోటు ఇది ఆక్రమించింది. 1870లో న్యూయార్క్ బ్రాడ్‌వే కింద ఆల్‌ఫ్రెడ్ బీచ్ గాలితో రైలు పెట్టెను తోసి చూపించాడు. ఆ గాలి కూడా కానర్స్‌విల్ బ్లోయరుదే. తర్వాత ఇది డీజిల్ ఇంజన్లకీ రేసు కార్లకీ కూడా గాలి నింపింది.

మురుగునీటికి గాలి ఎందుకు కావాలో తేల్చింది మాంచెస్టర్. అక్కడి డేవీహల్మ్ ప్లాంటులో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ సీసాల్లో మురుగునీరు పోసి గాలి ఊదారు. నీరు తేటపడటానికి మొదటిసారి వారాలు పట్టింది. అడుగున పేరుకున్న మడ్డిని పారబోయకుండా దాని మీదే కొత్త మురుగు పోసి మళ్లీ ఊదారు. ప్రతిసారీ సమయం తగ్గుతూ చివరికి ఒక రోజు లోపుకి వచ్చింది. ఆ మడ్డే సూక్ష్మజీవుల కాపురం. 1914లో వాళ్లు ఈ సంగతి ప్రకటించారు. వాళ్లకి దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యుడయ్యాడు. ఈ జీవులకి రాత్రీ పగలూ ఆక్సిజన్ అందాలి. అందుకే ఇలాంటి ప్లాంటు కరెంటు బిల్లులో సగమో, అంతకన్నా ఎక్కువో గాలిదే.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. ఒత్తిడిని నిర్ణయించేది బ్లోయరు కాదు, నీళ్లు. పది మీటర్ల నీటికి దాదాపు ఒక బార్. ట్యాంకు అడుగున గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్ల మీద అయిదు మీటర్ల నీళ్లుంటే, వాటిని తోసుకుని బుడగ బయటికి రావాలంటే పైపులో కనీసం అర బార్ ఉండాలి. రూట్స్ జేబు పీల్చిన గాలిని పీల్చినట్టే మోసుకొస్తుంది, దారిలో దాని పరిమాణం తగ్గదు. డెలివరీ వైపు తెరుచుకునే క్షణంలో, పైపులో అప్పటికే ఒత్తిడి మీదున్న గాలి వెనక్కి, జేబులోకి దూకుతుంది. కిక్కిరిసిన జనరల్ బోగీ తలుపు తీస్తే లోపలి జనం మన మీద పడ్డట్టు. జేబులోని గాలి ఆ తోపులో ఒక్కసారిగా నొక్కుకుపోతుంది. ఆ తర్వాత రోటరు వెనక్కొచ్చిన గాలితో సహా మొత్తాన్నీ పూర్తి ఒత్తిడికి ఎదురు తోయాలి. రెండు రోటర్లూ ఒక్క చుట్టు తిరిగితే ఇది నాలుగుసార్లు జరుగుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే బ్లోయరులో సెకనుకి వందసార్లు. గదిలో చెవులు గింగిర్లెత్తించే ఆ హోరు, పైపు మీది వేడి, రెండింటికీ మూలం ఈ వెనుదూకుడే.

దీన్ని అంకెల్లో పెట్టవచ్చు. అర బార్ దగ్గర ఒక ఘనమీటరు గాలికి రూట్స్ పద్ధతిలో 50 కిలోజౌళ్లు పడుతుంది. అదే గాలిని దారిలోనే కొంచెం కొంచెంగా నొక్కుతూ తెస్తే 43 చాలు. ఇది లీకులూ రాపిడీ కలపని శుద్ధ లెక్క. స్క్రూ బ్లోయరు చేసేది ఆ పనే: మెలితిరిగిన రెండు రోటర్ల మధ్య జేబు ముందుకు సాగుతూ చిన్నదవుతుంది, తలుపు తెరిచేసరికి లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం. గంటకు వెయ్యి ఘనమీటర్లు ఊదే చోట ఈ తేడా రోజుకు దాదాపు 47 యూనిట్లు. ఒత్తిడి ఒక బార్ అయితే ఆదా 23 శాతం, 0.3 బార్ అయితే 9 శాతమే. లోతైన ట్యాంకుకి స్క్రూ ఖరీదు తిరిగొస్తుంది. లోతు తక్కువైతే రూట్స్‌ని తీసిపారేయక్కర్లేదని నా అభిప్రాయం.

మూడో పోటీదారు టర్బో. ఒకే ఒక్క చక్రం నిమిషానికి వేల చుట్లు తిరిగి గాలిని విసురుతుంది. కొన్నిట్లో షాఫ్టు పలచని రేకుల మీద గాలి పొరలోనే తేలుతుంది, బేరింగుకి నూనె చుక్క ఉండదు. నాకెంతో ఇష్టమైన యంత్రం. పెద్ద ప్లాంటులో, లోడు నిలకడగా ఉన్నచోట కరెంటు లెక్కలో దాని ముందు నిలవడం కష్టం. అయితే టర్బోది విసురుడే కానీ పట్టి మోయడం కాదు. డిఫ్యూజర్లు పూడి ఒత్తిడి పెరిగినా, గాలి మరీ తగ్గించినా దాని విసురు చాలక గాలి వెనక్కి తంతుంది. దాన్నే సర్జ్ అంటారు. రూట్స్ మాత్రం అదే గాలిని, ఇంకాస్త కరెంటు తాగి, సేఫ్టీ వాల్వు తెరుచుకునే దాకా తోస్తూనే ఉంటుంది. వేగం సగం చేస్తే గాలీ కరెంటూ దాదాపు సగమవుతాయి. అపార్టుమెంటులో పొద్దున ఏడింటికి స్నానాల నీళ్లు ముంచెత్తుతాయి, రాత్రి రెండింటికి చుక్క రాదు. అలాంటిచోట నీటిలోని ఆక్సిజన్ చూసి వేగం మార్చే వీఎఫ్‌డీ ముందు పెట్టమంటాను, బ్లోయరు మార్పిడి తర్వాత.

కొనేవాళ్లు మోసపోయే ఇంకో చోటు బ్రోచరు. అందులో గాలి కొలత చాలాసార్లు సున్నా డిగ్రీల దగ్గర, సముద్రమట్టంలో. హైదరాబాద్ దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి విజయవాడ కన్నా సుమారు 6 శాతం తక్కువ. మే నెలలో 42 డిగ్రీలు. బ్రోచరులోని వెయ్యి ఘనమీటర్ల గాలి ఇక్కడ దక్కాలంటే 1225 ఘనమీటర్లు పీల్చాలి. ఈ లెక్క అడగకుండా కొన్న బ్లోయరు ఎండాకాలంలో చాలదు.

ఆ ఎస్టీపీ వాళ్లూ కరెంటు బిల్లు భరించలేక స్క్రూ బ్లోయరుకి కొటేషన్ తెప్పించుకున్నారు. మా పిల్లల్లో ఒకడు ప్రెజర్ గేజి చూశాడు: 0.58. ట్యాంకులో నీటి లోతెంత అన్నా అని అడిగితే నాలుగు మీటర్లన్నాడు ఆపరేటర్. అంటే నీటి వంతు 0.4 బార్ మాత్రమే. మిగతాదాంట్లో కొంత పైపులకూ డిఫ్యూజర్లకూ ఎలాగూ పోతుంది, అయినా 0.18 మరీ ఎక్కువ. నెల తర్వాత ట్యాంకు ఖాళీ చేసి డిఫ్యూజర్లు పైకి తీస్తే, వాటి పొరల మీద జిగురు మందంగా పట్టి సగం రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయి. కడిగి, చిరిగినవి మార్చి మళ్లీ దించారు. ముల్లు 0.46కి దిగింది. రూట్స్‌లో కరెంటు ఒత్తిడితోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది. అయిదో వంతు భారం అలా దిగిపోయింది, బ్లోయరు పాతదే.

మొన్న మళ్లీ వెళ్లాను. గేజి పక్కన గోడ మీద సుద్దముక్కతో రోజువారీ అంకెలు రాసి ఉన్నాయి: 0.46, 0.46, 0.47. "0.50 దాటితే మీ పిల్లల్ని పిలుస్తా సార్" అన్నాడు ఆపరేటర్, ఫిల్టరు దులుపుతూ.